టోక్యోలో పక్కన పెట్టిన లోకల్ రైళ్లు జకార్తాలో ఎలా నడుస్తున్నాయి?

ప్రశ్న సూటిగానే ఉంది. టోక్యోలో సర్వీసు నుంచి తీసేసిన లోకల్ రైళ్లను జకార్తా కొని ఏళ్ల తరబడి నడుపుతోంది కదా, అవి బాగుంటే జపాన్ ఎందుకు వదిలించుకుంది? బాగోలేకపోతే ఇండోనేషియా ఎందుకు తీసుకుంది? ఇది ఉన్నవాళ్లు తమ చెత్తను లేనివాళ్ల వాకిట్లో పోయడం కాదా? నేను లోకల్ రైళ్ల మరమ్మతు షెడ్డులో చాలాకాలం పనిచేసినవాణ్ని. అందుకని టికెట్టు, టైంటేబులు సంగతి పక్కనపెట్టి, రైలు కింద గుంతలో నిలబడి చూసేవాడికి ఈ వ్యవహారం ఎలా కనిపిస్తుందో చెప్తాను.

ముందు మొదటి ముక్క. రైలును సర్వీసు నుంచి తీసేయడానికీ అది అరిగిపోవడానికీ చాలాసార్లు సంబంధమే ఉండదు. జకార్తాకు మొదట వెళ్లిన జపాన్ లోకల్ రైళ్లనే తీసుకోండి. టోక్యో నగర ప్రభుత్వం నడిపే మితా లైను నుంచి 6000 సిరీస్ కోచ్‌లు 72 అక్కడికి 2000లో చేరాయి. అదే సమయానికి మితా లైనులో ప్లాట్‌ఫారం అంచున తలుపులు పెట్టారు, గార్డు లేకుండా డ్రైవర్ ఒక్కడే నడిపే పద్ధతి తెచ్చారు, తోక్యూ కంపెనీకి చెందిన మెగురో లైనుతో కలిపి రైళ్లను నేరుగా నడపడం మొదలుపెట్టారు. ఈ కొత్త ఏర్పాటుకు 1968 నాటి డిజైను సరిపోదు కాబట్టి వాటి స్థానంలో 6300 సిరీస్ వచ్చింది. మారింది లైను. రైలు పెట్టెకు, దాని మోటార్లకు వచ్చిన రోగమేమీ లేదు.

రెండో కారణం కరెంటు బిల్లు. పాత తరం రైళ్లలో మోటారుకు వెళ్లే కరెంటును రెసిస్టర్లతో అదుపు చేస్తారు. అంటే బయలుదేరినప్పుడల్లా కొంత కరెంటును వేడిగా గాలిలోకి వదిలేయడమే. ఇన్వర్టర్‌తో, అంటే తీగలోని డీసీ కరెంటును మోటారుకు కావాల్సిన ఏసీగా మార్చే పరికరంతో, నడిచే కొత్త రైళ్లు, పాత 103 సిరీస్‌తో పోలిస్తే, సగం కరెంటుతో సరిపెట్టుకుంటాయి. రోజుకు వందల ట్రిప్పులు తిప్పే కంపెనీకి ఆ తేడా చిన్నది కాదు. పైగా జపాన్‌లో లోకల్ రైలు కోచ్‌కు పన్ను లెక్కల్లో తరుగుదల కాలం 13 ఏళ్లే. నాలుగేళ్లకో ఆరు లక్షల కిలోమీటర్లకో ముఖ్య భాగాలు విప్పి చూడాలి, ఎనిమిదేళ్లకోసారి రైలు మొత్తాన్ని విప్పాలి. ఆ పెద్ద ఓవర్‌హాల్ దగ్గరపడుతున్న పాత రైలు మీద మళ్లీ డబ్బు పెట్టడమా, కొత్తది తెచ్చుకోవడమా అన్న లెక్క వేస్తే, అక్కడ తరచుగా కొత్తదే గెలుస్తుంది. 1990ల మొదట్లో వచ్చిన 209 సిరీస్‌ను ‘సగం బరువు, సగం ధర, సగం ఆయుష్షు’ అన్న నినాదంతోనే తయారుచేశారు.

కాబట్టి టోక్యోకు పనికిరానిది అనగానే పనికిరానిది అని అర్థం కాదు. స్టెయిన్‌లెస్ స్టీలు పెట్టె అయితే తుప్పు భయం పెద్దగా ఉండదు. ఓవర్‌హాల్ తప్పకుండా జరిగిన రైలు అయితే దాని మోటార్లు, చక్రాలు, ఇరుసులు అన్నీ రికార్డులతో సహా ఉంటాయి. నా మటుకు నేను పాత రైలును చూసేటప్పుడు తయారైన సంవత్సరం కన్నా ముందు ఆ రికార్డు పుస్తకమే అడుగుతాను. ముప్పై ఏళ్ల వయసుండి వరసగా ఓవర్‌హాల్ జరిగిన కోచ్‌కూ, పదిహేనేళ్లది అయినా ఎవరూ సరిగా పట్టించుకోని కోచ్‌కూ మధ్య ఎంచుకోమంటే నాకు మొదటిదే కావాలి. బోగీ (పెట్టె కింద చక్రాలుండే చట్రం) ఫ్రేములో పగుళ్లు, ఇరుసులో లోపల దాగిన చీలికలు, తలుపుల కింద నేలలో తుప్పు, గట్టిపడి పెళుసెక్కిన వైర్ల పైతొడుగు: పాత రైలు ప్రాణం తీసేవి ఇవి. రంగు వెలసిపోవడం, సీట్లు చిరగడం లాంటివి నాలుగు రోజుల పని.

ఇక రెండో ముక్క: ఎవరు కొనగలరు? పట్టాల వెడల్పు, కరెంటు, రైలు కొలతలు, ఈ మూడూ కలిస్తే సగం పని అయినట్టే. జకార్తా విషయంలో ఇవి దాదాపు పూర్తిగా కలిశాయి. జపాన్ పట్టాల వెడల్పు 1067 మిల్లీమీటర్లు. జావా దీవిలో డచ్చివాళ్లు బటావియా నుంచి బ్యూటెన్‌జోర్గ్ దాకా, అంటే ఇప్పటి జకార్తా నుంచి బోగోర్ దాకా, 1873లో తెరిచిన లైను కూడా 1067. సెమరాంగ్ వైపు 1435 మిల్లీమీటర్ల లైను ఒకటి ఉండేది, దాన్ని రెండో ప్రపంచ యుద్ధంలో జావాను ఆక్రమించిన జపాన్ సైన్యమే 1067కి మార్చింది. కరెంటు సంగతీ అంతే. డచ్చివాళ్లు 1925లో జకార్తాలో లోకల్ రైళ్లకు వేసిన తీగల్లో 1500 వోల్టుల డీసీ కరెంటు పారింది, టోక్యో చుట్టుపక్కల లైన్లలో ఉన్నదీ అదే. వెరసి టోక్యోలో తీసిన రైలును ఓడ దించి, చక్రాలు మార్చకుండా, ట్రాన్స్‌ఫార్మర్ పెట్టకుండా పట్టాల మీదికి ఎక్కించవచ్చు. ఇలాంటి జోడీలు ప్రపంచంలో ఎక్కువ లేవు.

జోడీ కుదిరినంత మాత్రాన పని ఏమీ లేదని కాదు. మొదటి రోజుల్లో జకార్తాలో చాలా ప్లాట్‌ఫారాలు తక్కువ ఎత్తులో ఉండేవి, అందుకని తలుపుల కింద ఇనప మెట్లు అతికించారు. రాళ్లు విసిరేవాళ్ల బాధకు డ్రైవరు అద్దం ముందు జాలీ బిగించారు. మితా లైను నుంచి వచ్చిన వాటిలో డ్రైవరు గది లేని మధ్య కోచ్‌లు మిగిలిపోతే, వాటి చివర కొత్తగా క్యాబిన్ కట్టి రైలుగా మార్చారు, ఆ ముఖాలు టోక్యోలో ఎప్పుడూ లేని ముఖాలు. ఇక రైలు పైకప్పు మీద ప్రయాణం. దాన్ని ఆపడానికి 2012లో పట్టాల మీదుగా కాంక్రీటు బంతులు వేలాడదీశారు కూడా. నా అభిప్రాయంలో ఆ అలవాటును నిజంగా మాన్పించింది బంతులు కాదు, ఎక్కువ రైళ్లు రావడం, తలుపులు మూసుకుని నడవడం, స్టేషన్లకు గేట్లు పెట్టి ఎలక్ట్రానిక్ టికెట్లు తేవడం. ఆ చివరి మార్పు 2013లో వచ్చింది. అంతకుముందు లక్షల్లో ఉన్న రోజువారీ ప్రయాణికులు తర్వాతి అయిదారేళ్లలో పది లక్షలకు చేరారు, 2019లో ఏడాది మొత్తం మీద 33 కోట్లు దాటారు. ఆ జనాన్ని మోసినవి ఎక్కువ భాగం టోక్యో వదిలేసిన కోచ్‌లే.

ఇందులో 205 సిరీస్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే అసలు పాఠం అక్కడే ఉంది. అంతకుముందు జకార్తా దగ్గర ఉన్న జపాన్ రైళ్ల జాబితా చూస్తే షెడ్డువాడికి గుండె దడ పుడుతుంది. మితా లైను 6000, జేఆర్ (జపాన్ రైల్వేస్) 103, తోక్యూ 8000, 8500, తోయో కంపెనీ 1000, టోక్యో మెట్రో 5000, 6000, 7000, 05, జేఆర్ 203. పేర్లు చదవడానికి బాగానే ఉంటాయి. ఒక్కోదానికి బ్రేకు కవాటం వేరు, కంప్రెసర్ వేరు, తలుపుల యంత్రం వేరు, వైరింగ్ వేరు. స్టోరులో ప్రతి దానికీ వేరే అర. ఒక రకం రైళ్లు పది ఉంటే, వాటికి స్పేర్ మోటార్లు రెండు ఉంచుకున్నా లాభమే. పది రకాలు ఒక్కొక్కటి ఉంటే ప్రతిదానికీ రెండేసి ఉంచుకోవాలి, లేదా ఏదో ఒక రైలును పక్కన నిలబెట్టి దాని ఒళ్లు కోసి మిగతావాటికి పెట్టాలి. మేం దాన్ని ముద్దుగా ఏమీ పిలవం, అవసరం కొద్దీ చేస్తాం. కానీ ఒకసారి మొదలైతే ఆగదు, అది మాత్రం గుర్తుంచుకోండి.

2013 నుంచి జకార్తా ఆ దారి మార్చింది. జేఆర్ ఈస్ట్ వాళ్లు సైక్యో లైను, యోకోహామా లైను, నాంబు లైను, ముసాషినో లైనులకు వరసగా కొత్త రైళ్లు తెచ్చుకుంటుంటే, అక్కడ ఖాళీ అయిన 205 సిరీస్‌ను జకార్తా గంపగుత్తగా తీసుకుంది. 2020 నాటికి 800 పైచిలుకు కోచ్‌లు చేరాయి. అన్నీ ఒకే కుటుంబం. ఒక్కో వైపు ఆరేసి తలుపులున్న కోచ్‌లు కూడా వాటితో వచ్చాయి, టోక్యో రద్దీ కోసం చేసినవి జకార్తా రద్దీకి సరిగ్గా సరిపోయాయి. ఎనిమిది కోచ్‌ల రైళ్లుగా వచ్చినవాటిని విడదీసి కలిపి పన్నెండు కోచ్‌ల రైళ్లు కట్టుకున్నారు. ఒకే రకం కాబట్టే ఆ ఆట సాధ్యమైంది. పైగా జేఆర్ ఈస్ట్ తన మనుషులను జకార్తాకు పంపి మరమ్మతు పద్ధతులు నేర్పింది. నన్నడిగితే రైళ్ల ధర కన్నా ఆ మనుషుల విలువే ఎక్కువ.

205లో ఇంకో సుగుణం ఉంది, బయటివాళ్లు అంతగా గమనించరు. ముసాషినో లైను నుంచి వచ్చినవాటిలో ఇన్వర్టర్‌కు మార్చినవి పక్కనపెడితే, అది పాతకాలపు డీసీ మోటారు, రెసిస్టర్లు, కామ్‌షాఫ్ట్ (తిరుగుతూ స్విచ్చులు మార్చే కడ్డీ) పద్ధతి మీదే నడుస్తుంది. దానికి తోడు మోటారు ఫీల్డును, అంటే దాని అయస్కాంత బలాన్ని, విడిగా అదుపు చేసే చిన్న ఏర్పాటు ఒకటి పెట్టి, బ్రేకు వేసినప్పుడు కరెంటును తీగలోకి తిరిగి పంపేలా చేశారు. అంటే కరెంటు ఆదా ఉంది, కానీ పెద్ద ఎలక్ట్రానిక్స్ లేదు. కార్బన్ బ్రష్షు అరిగితే ఎక్కడైనా చేయించుకోవచ్చు. కాంటాక్టర్ (పెద్ద కరెంటు స్విచ్చు) మొనలు కాలితే లేత్ ఉన్నవాడు సరిచేస్తాడు. అదే 203 సిరీస్, టోక్యో మెట్రో 6000 సిరీస్ లాంటివి థైరిస్టర్ చాపర్ల రైళ్లు, అంటే కరెంటును ఎలక్ట్రానిక్ స్విచ్చులతో ముక్కలుగా కోసి మోటారుకు పంపేవి. వాటి తర్వాత వచ్చిన తొలితరం ఇన్వర్టర్ రైళ్లలో జీటీఓ అనే స్విచ్చులుంటాయి. ఇవి పాడైతే షెడ్డులో చేయగలిగింది తక్కువ, ఎందుకంటే ఆ తరం భాగాల తయారీని కంపెనీలు మానేశాయి. ఆశ్చర్యంగా అనిపించినా ఇది నిజం: రెండో జీవితానికి కొత్త టెక్నాలజీ కన్నా కాస్త పాతదే మేలు. కొనేవాళ్లు బ్రోషరులో ‘ఇన్వర్టర్’ అని చూసి ముచ్చటపడుతుంటారు, నాకైతే అది చూడగానే టెన్షన్ మొదలవుతుంది.

కరెంటు తిరిగి పంపడం గురించి చిన్న మాట. బ్రేకు వేసిన రైలు పంపే కరెంటును వాడుకోవడానికి దగ్గరలో ఇంకో రైలు బయలుదేరుతూ ఉండాలి. లేకపోతే తీగలో వోల్టేజీ పెరిగిపోయి ఆ బ్రేకు ఆగిపోతుంది, భారమంతా మామూలు బ్రేకు దిమ్మల మీద పడుతుంది. టోక్యోలో రెండు నిమిషాలకో రైలు, అందుకని ఎప్పుడూ గిరాకీ ఉంటుంది. రైళ్లు పలచగా నడిచే లైనుకు అదే రైలు వెళ్తే బ్రేకు దిమ్మలు త్వరగా అరుగుతాయి, కొన్నవాళ్లు రైలును తిట్టుకుంటారు. అందులో రైలు తప్పేమీ లేదు.

జకార్తాలా కుదరని చోట్ల ఏం చేస్తారో చూద్దాం. మయన్మార్, థాయ్‌లాండ్‌లలో పట్టాలు మీటర్ గేజి, అంటే 1000 మిల్లీమీటర్లు. జపాన్ డీజిల్ కార్లు (సొంత డీజిల్ ఇంజన్ ఉన్న రైలు పెట్టెలు) అక్కడ నడవాలంటే ఇరుసు మీద ఒక్కో చక్రాన్ని 33 మిల్లీమీటర్ల చిల్లర లోపలికి నొక్కాలి, బ్రేకు కడ్డీలు కూడా దానికి తగ్గట్టు జరపాలి. పెద్ద కష్టమేమీ కాదు, ప్రెస్సు ఉన్న వర్క్‌షాపులో జరిగే పనే. కోస్టారికా దీనికి తిరగబడిన ఉదాహరణ: స్పెయిన్‌లోని ఫెవె సంస్థ మీటర్ గేజి డీజిల్ కార్లను కొని 1067కి వెడల్పు చేసుకుని సాన్ హోసే లోకల్ రైళ్లుగా నడిపింది. అర్జెంటీనా, చిలీలకు స్పెయిన్ నుంచే ఇంకా తేలిక. స్పెయిన్ గేజి 1668, వాళ్లది 1676, తేడా ఎనిమిది మిల్లీమీటర్లు. చక్రానికి నాలుగు చొప్పున. స్పెయిన్ లోకల్ రైళ్లు ఆ దేశాలకు చేరడానికి భాష ఒకటే కావడం ఎంత కారణమో, ఆ ఎనిమిది మిల్లీమీటర్లూ అంతే కారణం.

మనీలాలో మాత్రం విచిత్రం జరిగింది. ఫిలిప్పీన్స్ గేజి జపాన్‌దే, 1067. కానీ మనీలా లోకల్ లైనుకు పైన కరెంటు తీగే లేదు. అయినా 2011లో 203 సిరీస్ ఎలక్ట్రిక్ రైళ్ల కోచ్‌లు 40 అక్కడికి వెళ్లాయి. మోటార్లతో పనిలేని మామూలు పెట్టెల్లా వాటిని డీజిల్ ఇంజన్ లాగింది, లైట్లకు, ఏసీకి జనరేటర్ పెట్టారు, కిటికీలకు రాళ్లు తగలకుండా జాలీలు బిగించారు. మెట్రో ఎత్తుపల్లాల కోసం తయారైన రైలు ఇంజన్ వెనకాల సరుకులా వెళ్తుంటే నాకు కాస్త బాధగానే ఉంటుంది, కానీ ఎక్కేవాడికి నీడ, ఏసీ దొరికాయి, అదీ నిజమే. ఉత్తర–దక్షిణ కమ్యూటర్ రైల్వే కొత్త లైను కట్టడం కోసం 2024 మార్చిలో ఆ సర్వీసునే ఆపేశారు.

దానంగా ఇస్తే కాదనేదేముంది అని చాలామంది అంటారు. కాదనాల్సిన సందర్భాలు ఉన్నాయి. మయన్మార్‌లోని యాంగోన్‌కు ఏళ్ల తరబడి జపాన్ నుంచి డీజిల్ కార్లు వెళ్లాయి, కిహా 40, 47, 48, 52, 58, 181 అంటూ రకరకాలు, వేరువేరు కంపెనీలు వాడి వదిలినవి. ఒక్కోదానికి ఇంజన్ వేరు, గేర్ల వ్యవస్థ వేరు. ఫొటో దిగే రోజున అన్నీ బాగుంటాయి. మూడో ఏడు స్పేరు కావాల్సి వచ్చినప్పుడు తెలుస్తుంది దానం ఎంత ఖరీదైందో. అదే నగరంలో 2016 జనవరిలో హిరోషిమా పాత ట్రామును స్ట్రాండ్ రోడ్డు మీద నడపడం మొదలుపెట్టారు, ఎక్కేవాళ్లు లేక కొన్ని నెలలకే ఆపేశారు. థాయ్‌లాండ్ కాస్త తెలివిగా చేసిందని నా ఉద్దేశం. జేఆర్ హొక్కైడో ఇచ్చిన కిహా 183 కార్లు 17 అక్కడికి 2021 చివర్లో చేరాయి. వాటిని రోజువారీ సర్వీసు మీద పెట్టకుండా వారాంతపు పర్యాటక రైళ్లుగా మార్చుకున్నారు. తక్కువ సంఖ్యలో ఉన్న రైలుకు అదే సరైన చోటు: రోజూ ఉదయం ఆరింటికి బయలుదేరి తీరాల్సిన అవసరం లేదు, పాడైతే ఆ వారం రద్దు చేస్తారు.

దానం బాగా కుదిరిన చోటు కూడా ఒకటుంది. స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్ తన పాత ట్రాములను ఉక్రెయిన్‌లోని విన్నిత్సియాకు ఇచ్చింది. రెండు నగరాలవీ మీటర్ గేజి ట్రాములే. ఒకటో రెండో ఇచ్చి చేతులు దులుపుకోలేదు. 2007 నుంచి ఒక్కో రకాన్ని పదుల సంఖ్యలో పంపారు, స్పేర్లు పంపారు, అక్కడి వర్క్‌షాపు మనుషులకు తర్ఫీదు ఇచ్చారు. తర్వాత ఆ ఊరివాళ్లు ఆ పాత ట్రాముల భాగాలు వాడుకుని సొంతంగా కొత్త పెట్టెలు కట్టే స్థాయికి వచ్చారు. ఇచ్చేవాడు ఏమిచ్చాడన్నది కాదు నేను చూసేది, ఇచ్చిన తర్వాత ఎన్నేళ్లు ఫోన్ ఎత్తాడన్నది.

బ్యూనస్ ఎయిర్స్ గురించి చెప్పకుండా ఈ కథ పూర్తి కాదు, ఎందుకంటే మంచీ చెడూ రెండూ అక్కడి ఒకే లైనులో జరిగాయి. సబ్‌వే బి లైను 1990ల మధ్యలో టోక్యో మారునోఉచి లైను నుంచి 131 ఎర్ర కోచ్‌లు తెచ్చుకుంది. 1435 మిల్లీమీటర్ల గేజి, 600 వోల్టులు, కరెంటు పక్కనున్న మూడో పట్టా నుంచి, అన్నీ రెండు చోట్లా ఒకటే. జపాన్ కోచ్‌లు వెడల్పు తక్కువ కాబట్టి ప్లాట్‌ఫారానికి మధ్య ఖాళీ రాకుండా తలుపుల దగ్గర పక్కలకు గడపల్లాంటివి తగిలించారు. అంతే. రెండు దశాబ్దాలకు పైగా తిరిగాయి. టోక్యో మెట్రో వాటిలో నాలుగింటిని 2016లో వెనక్కి కొనుక్కుని ఓడ మీద తీసుకుపోయింది, తన పాత రైళ్లను తన ఇంజనీర్లకు చూపించి నేర్పడానికి.

అదే బి లైనుకు 2010 తర్వాత మాడ్రిడ్ మెట్రో పాత రైళ్లు తెచ్చారు. మాడ్రిడ్ రైళ్లు పైనుంచి కరెంటు తీసుకుంటాయి, బి లైనులో ఉన్నదేమో మూడో పట్టా. దాంతో తర్వాత వచ్చిన 6000 రకం కోసం సొరంగం పొడవునా పైకప్పుకు గట్టి కాంటాక్టు కడ్డీ బిగించాల్సి వచ్చింది. చౌకగా వచ్చిన రైలు కోసం లైనును మార్చడమన్న మాట. ఇది చాలదన్నట్టు, అంతకుముందు వచ్చిన 5000 రకంలో ఆస్‌బెస్టాస్ ఉందని 2018లో బయటపడింది. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి వెళ్తే క్యాన్సర్ వస్తుంది, మొదట దాని పాలిట పడేది ప్రయాణికుడు కాదు, డబ్బా విప్పి గాలి కొట్టే మెకానిక్కు. ఆ రైళ్లను సర్వీసు నుంచి తీసేయాల్సి వచ్చింది. 1980లకు ముందు డిజైను చేసిన ఏ రైలు కొన్నా ముందు ఆస్‌బెస్టాస్ పరీక్ష కాగితం చేతిలో పెట్టుకోవాలి. అమ్మేవాడు లేదంటే సరిపోదు, ల్యాబు లేదనాలి.

రైళ్ల చేతులు మారడానికి ఇంకో మామూలు కారణం ఒక ఊళ్లో కరెంటు తీగలు రావడం. ఆస్ట్రేలియాలోని పెర్త్ తన లోకల్ లైన్లకు కరెంటు పెట్టుకోగానే అక్కడి డీజిల్ రైళ్లు ఖాళీ అయ్యాయి, 1993లో న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ వాటిని కొంది. రెండు చోట్లా 1067 గేజి. మూసేస్తారేమో అనుకున్న ఆక్లాండ్ లోకల్ సర్వీసుకు అవే ఊపిరి పోశాయి. జనం పెరిగాక బ్రిటన్ పాత మార్క్-2 కోచ్‌లు తెచ్చి, కింద చక్రాల బోగీలు మార్చి నడిపారు. ఆ జనాన్ని చూపించి, చివరికి ఆక్లాండ్ తనే కరెంటు తీగలు వేసుకుంది.

కాలిఫోర్నియాలోని కాల్‌ట్రెయిన్ కథ మాత్రం ఎటు తేలుతుందో చూడాలి. 2024 సెప్టెంబరులో ఎలక్ట్రిక్ రైళ్లు మొదలుపెట్టి, పాత డబుల్ డెక్కర్ కోచ్‌లు 90, 1980ల నాటి డీజిల్ ఇంజన్లు 19 కలిపి పెరూ రాజధాని లిమాకు అమ్మింది. ధర 63.2 లక్షల డాలర్లు. లిమా నుంచి చోసికా దాకా లైను ఉంది, గేజి కలుస్తుంది, 2025లో ఓడలు కయావో రేవుకు చేరాయి. కానీ ఆ లైను సరుకు రైళ్లకు అలవాటుపడింది. లోకల్ రైళ్లకు కావాల్సిన స్టేషన్లు, రైళ్లు ఎదురెదురుగా దాటుకునే చోట్లు, సిగ్నళ్లు, ఊరి మధ్య లెవెల్ క్రాసింగులకు గేట్లు, ఇవన్నీ రైళ్లు వచ్చేనాటికి కాగితాల మీదే ఉన్నాయి. పైగా శాన్ ఫ్రాన్సిస్కోలో గాలి బాగుపడటానికి తీసేసిన ఇంజన్లు లిమాలో పొగ వదలాలి. మీరన్న ‘చెత్త’ ఆరోపణ ఎక్కడైనా నిలబడుతుందంటే, పాత డీజిల్ ఇంజన్ల విషయంలోనే నిలబడుతుంది. కోచ్‌లు తీసుకుని, ఇంజన్లు మాత్రం ఇంకోచోట చూసుకుని ఉంటే బాగుండేదని నా అభిప్రాయం.

ఎలక్ట్రిక్ లోకల్ రైళ్ల విషయంలో మాత్రం నేను ఆ మాట ఒప్పుకోను. అయితే ఇండోనేషియాలో దీనిమీద పెద్ద గొడవే జరిగింది. పాతబడిన తోక్యూ, టోక్యో మెట్రో రైళ్ల స్థానంలో మళ్లీ జపాన్ నుంచే యోకోసుకా లైనులో నడిచిన E217 సిరీస్ తెచ్చుకుంటామని జకార్తా లోకల్ రైళ్ల సంస్థ కేసీఐ అడిగింది. 29 రైళ్లు, 348 కోచ్‌లు. పరిశ్రమల శాఖ వద్దంది: మన దేశంలోనే ‘ఇంకా’ (INKA) అనే రైలు ఫ్యాక్టరీ ఉండగా పాతవి ఎందుకు, పైగా పాత యంత్రాల దిగుమతికి 20 ఏళ్ల హద్దు ఉంది, ఇవి దాటేశాయి అని. ప్రభుత్వ ఆడిట్ కూడా అటే మొగ్గింది. 2023లో దిగుమతిని ఆపేశారు. ‘ఇంకా’కు 16 కొత్త రైళ్లకు సుమారు 3.83 లక్షల కోట్ల ఇండోనేషియా రుపియాలతో ఆర్డరిచ్చారు, అది సిద్ధమయ్యేలోపు అవసరానికి చైనా కంపెనీ సీఆర్‌ఆర్‌సీ నుంచి కొత్తవి తెప్పించారు. వాటిలో మొదటివి 2025 జనవరి చివర్లో దిగాయి. రెండు పక్షాల మాటా నాకు అర్థమవుతుంది. ఫ్యాక్టరీకి ఆర్డర్లు లేకపోతే ఫ్యాక్టరీ నేర్చుకోదు. కానీ ఉదయం ప్లాట్‌ఫారం మీద నిలబడ్డవాడు ఫ్యాక్టరీ నేర్చుకునేదాకా ఆగలేడు. పాత రైళ్లు తీసేసే తేదీ, కొత్తవి వచ్చే తేదీ కలవనప్పుడు మధ్యలో నలిగేది అతనే.

ఇండోనేషియా ఈ స్థితికి రాగలిగిందే ఆ సెకండ్‌హ్యాండ్ రైళ్ల వల్ల అన్నది మరిచిపోకూడదు. పాతికేళ్లు చౌక రైళ్లతో నడిపి, జనాన్ని అలవాటు చేసి, మిగిలిన డబ్బును ప్లాట్‌ఫారాల మీద, టికెట్ గేట్ల మీద, సబ్‌స్టేషన్ల మీద పెట్టగలిగారు. ఒకేసారి 800 కొత్త కోచ్‌లు కొనాల్సి వస్తే ఆ పనులకు డబ్బెక్కడిది? వాళ్ల దగ్గర అరిగిపోయిన జపాన్ రైళ్లు పుర్వకార్తా, చికౌమ్ స్టేషన్లలో ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్న ఫొటోలు మీరు చూసే ఉంటారు. వాటిని చూసి చెత్త దిగుమతి అనేవాళ్లున్నారు. రెండు దేశాల్లో కలిపి నలభై ఏళ్లు పనిచేసిన రైలు ఎక్కడో ఒకచోట పేరుకోక తప్పదు.

ఇకముందు ఇలాంటి బేరాలు ఇంత తేలిగ్గా కుదరవని నా అంచనా. డీసీ మోటారు, రెసిస్టర్ల తరం జపాన్‌లో దాదాపు అయిపోయింది. E217తో మొదలుపెట్టి ఇకపై ఖాళీ అయ్యేవన్నీ ఇన్వర్టర్ రైళ్లే, ఆ తర్వాతివి కంప్యూటర్ నెట్‌వర్కు మీద నడిచేవి. తలుపు మూసుకోకపోతే సుత్తి, స్క్రూడ్రైవరు చాలవు. తయారీ కంపెనీ సాఫ్ట్‌వేర్ ఉన్న ల్యాప్‌టాప్ కావాలి, దానికి లైసెన్సు కావాలి. కొనాలనుకునేవాళ్లు కోచ్ ధర మాట్లాడేముందు కన్వర్టర్ కార్డులు పదేళ్లపాటు ఎవరు బాగుచేసిస్తారో, వైరింగ్ డయాగ్రములూ సాఫ్ట్‌వేరూ ఎవరి పేరు మీద వస్తాయో కాంట్రాక్టులో రాయించుకోవాలి. అది రాసివ్వనంటే, కోచ్‌లు ఉచితంగా ఇస్తామన్నా నేనైతే ఓడ మాట్లాడను.